నాటుకోడిని ప్రదర్శనకు పెంచడం: పర్లాకిమిడి, గుణుపూర్ వైపు పెంపకందారులకు సమగ్ర మార్గదర్శి

ప్రదర్శన దరఖాస్తు ఒడియాలో ఉంది. పాతపట్నం నుంచి వచ్చిన మా బావ ఆ కాగితం నా చేత చదివించుకుంటూ ఒక చోట ఉలిక్కిపడ్డాడు. "అదేమిటి బావా, గంజా ఎన్ని తెస్తున్నారని అడుగుతున్నారు? ఇది కోళ్ల పోటీయా, పోలీసుల వలా?" ఒడియాలో పుంజును గంజా అంటారని, మన గంజాయిని వాళ్లు గంజేయి అంటారని చెప్పాక ఊపిరి పీల్చుకున్నాడు. ఒడిశాలోని గజపతి జిల్లాలో పుట్టి, బడిలో ఒడియా చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే నాలాంటి వాళ్లకు ఇలాంటివి మామూలే. కాగితం నింపడం తేలిక. నింపే నాటికి తగిన పుంజు గంప కింద ఉండటమే కష్టం.

మొదటిసారి నేను తీసుకెళ్లింది ఖరీదు పెట్టి కొన్న డేగ (ఎర్ర) పుంజు. ముందు రోజు స్నానం చేయించాను, కాళ్లకు నూనె రాశాను, గోళ్లు కత్తిరించాను. న్యాయనిర్ణేత దాన్ని రెండు చేతులతో ఎత్తి, తలకిందులు చేయకుండానే బొటనవేలితో రొమ్ము ఎముకను పై నుంచి కింది దాకా ఒక్కసారి తడిమి, తిరిగి బోనులో పెట్టేశారు. ఎముక మధ్యలో వంకర ఉంది. అది పిల్లగా ఉన్నప్పుడు వచ్చిన వంకర, ఎంత స్నానం చేయించినా పోదు. అప్పటి నుంచి నేను ప్రదర్శన పనిని పద్దెనిమిది నెలల ముందు, జత కలపడంతో మొదలుపెడుతున్నాను. ఈ మార్గదర్శి కూడా అక్కడి నుంచే నడుస్తుంది. స్నానం సంగతి చివర్లో వస్తుంది.

ఏ కోడి పెంచాలి

మన దగ్గర తెలిసినవాళ్లు కోడిని రంగుతో పిలుస్తారు. నల్లనిది కాకి, ఎర్రనిది డేగ, తెల్లనిది సేతువ, రెక్కల మీద, వీపు మీద పసుపు ఈకలుంటే నెమలి, మెడ మీద నలుపు తెలుపు కలిసి ఉంటే పర్ల. ఇవి రంగుల పేర్లే. జాతి వేరు, రంగు వేరు. ఒకే జాతిలో డేగా పుడుతుంది, కాకీ పుడుతుంది. దరఖాస్తులో జాతి అన్నచోట "డేగ" అని రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. అక్కడే సగం తగాదాలు మొదలవుతాయి.

దేశంలోని పశుపక్ష్యాదుల జాతులను నమోదు చేసే జాతీయ సంస్థ హర్యానాలోని కర్నాల్‌లో ఉంది. ఆ జాబితాలో మన చుట్టుపక్కలకు సంబంధించినవి మూడు. అసీల్‌ను ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ల కోడిగా నమోదు చేశారు. డంకి విజయనగరం, శ్రీకాకుళం వైపుది, అంటే సరిహద్దుకు అవతల మన చుట్టాల ఇళ్లలోని కోడి. హన్సిలి ఒడిశా ఉత్తరాన మయూర్‌భంజ్, కేంఝర్ జిల్లాలది. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కోడి. దాని పేరు పెద్దదే, ధరా ఎక్కువే. కానీ ప్రాంతీయ జాతుల విభాగంలో దాన్ని పెట్టడం నాకు నచ్చదు. మన ఊరి పోటీలో మన ఊరి కోడి నిలబడాలి.

కొత్తగా మొదలుపెట్టేవారికి అసీల్ మంచిదని నా అభిప్రాయం. మంచి పుంజు నాలుగైదు కిలోలు, పెట్ట మూడు నాలుగు కిలోలు తూగుతాయి. శరీరం నిటారుగా, మెడ పొడవుగా, ఈకలు బిగుతుగా ఒంటికి అంటుకుని ఉంటాయి. తల మీద తురాయి చిన్నది, మూడు వరసల బుడిపెలతో బఠాణీ గింజలు పేర్చినట్టుంటుంది. ముక్కు కింద తమ్మెలు ఉన్నాయో లేవో అన్నట్టుంటాయి. లోపాలు కంటికి త్వరగా తెలుస్తాయి కాబట్టి నేర్చుకోవడం సులువు. ఒక్క చిక్కు ఉంది: పెట్టలు గుడ్లు తక్కువ పెడతాయి, ఒక విడతకు పది పదిహేను. తొందరపడేవారికి ఈ కోడి సరిపడదు.

పందెం గురించి ఒక్క మాట. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం నేరం. సంక్రాంతి పేరు చెప్పినా, సంత పేరు చెప్పినా అది మారదు. ఇంగ్లండులో 1835లో చట్టం కోడిపందేలను నిషేధించింది. పదేళ్ల తర్వాత, 1845లో, లండన్ జంతు ప్రదర్శనశాలలో కోళ్ల ప్రదర్శన జరిగింది. కత్తి కట్టే చోటు పోయినా, కోడి మీద మోజున్నవాళ్లకు దాన్ని నలుగురికీ చూపించే చోటు దొరికింది. మన వైపు కూడా పందెం కోసమే వంశాలు కాపాడుకుంటూ వచ్చిన పెద్దవాళ్లున్నారు. వాళ్ల దగ్గరున్న కోళ్లు, వాళ్ల కంటి చూపు ప్రదర్శనల్లోకి రాకపోతే ఆ తరంతోనే పోతాయి.

మూలం కొనేటప్పుడు

ఒక పుంజు, మూడు పెట్టలు చాలు. పుంజు ఒక చోట, పెట్టలు మరో రెండు చోట్ల కొంటే మంచిది. సంతలో కొనవద్దు. సంత కోడికి తల్లిదండ్రులెవరో చెప్పేవారుండరు, పైగా నాలుగు ఊళ్ల జబ్బులు అక్కడే కలుస్తాయి. పెంచినవారి ఇంటికి వెళ్లి తల్లిని, తండ్రిని, ఒకే విడతలో పుట్టిన మిగతా పిల్లలను చూడండి. అన్నదమ్ముల్లో ఒక్కటే బాగుండి మిగతావన్నీ అంతంత మాత్రంగా ఉంటే ఆ ఒక్కదాన్నీ వదిలేయండి. అన్నీ ఓ మోస్తరుగా, ఒకే పోలికలో ఉన్న గుంపులోంచి తీసుకున్న కోడి మంచి పిల్లలనిస్తుంది.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి: రొమ్ము ఎముక నిటారుగా ఉందా, పైముక్కు కిందిముక్కు మీద సరిగ్గా కూర్చుందా, కళ్లు రెండూ ఒకే రంగులో, గుండ్రటి పాపతో ఉన్నాయా, వేళ్లు వంకర తిరిగాయా, తోక ఒక పక్కకు వాలిందా. తర్వాత నేల మీద వదిలి నడిపించండి. తోక మొదట్లో ఈకలు విడదీసి, మలద్వారం చుట్టూ కోడిపేను ఉందేమో చూడండి. కాలి పొలుసులు పైకి లేచి సున్నం అంటినట్టుంటే అది గజ్జి పురుగు. దానికి వైద్యం ఉంది కానీ వారాలు పడుతుంది, బేరంలో ఆ మాట వాడుకోవచ్చు.

కొత్త కోడిని వేరుగా ఉంచడం

ఈ పాఠానికి నేను చాలా ఖరీదు కట్టాను. ఆరేళ్ల కిందట ఒక నెమలి పుంజు నచ్చి, కొన్న సాయంత్రమే గుంపులో వదిలేశాను. నాలుగో రోజు అది మెడ వంచి మూలన కూర్చుంది. తర్వాత ఆకుపచ్చ విరేచనాలు, నోరు తెరిచి గురక. కొక్కెర తెగులు. పది రోజుల్లో ఇరవై ఆరు కోళ్లలో పందొమ్మిది పోయాయి. మిగిలిన ఏడింటిలో రెండింటికి మెడ జీవితాంతం పక్కకు తిరిగే ఉంది.

కొత్త కోడి ఏదైనా సరే, ఎంత నమ్మకమైన ఇంటి నుంచి వచ్చినా సరే, కనీసం మూడు వారాలు, వీలైతే నెల, పెరట్లో మిగతా కోళ్లకు దూరంగా ఉండాలి. మేత గిన్నె వేరు, నీళ్ల గిన్నె వేరు. పాత కోళ్ల పని ముగించుకున్నాకే దాని దగ్గరకు వెళ్లాలి, వచ్చాక కాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చెప్పులు కూడా వేరుగా ఉంచుకుంటే ఇంకా మంచిది.

జత కలపడం, నోటు పుస్తకం

అసీల్ లాంటి బరువైన కోళ్లలో ఒక పుంజుకు మూడు నుంచి ఐదు పెట్టలు. ఒకసారి పుంజుతో కలిసిన పెట్ట కడుపులో వీర్యం రెండు మూడు వారాల దాకా నిలిచి ఉంటుంది. కాబట్టి పుంజును మార్చిన మర్నాటి గుడ్డును కొత్త పుంజు సంతానమని రాసుకుంటే అబద్ధం రాసుకున్నట్టే. పాత పుంజును తీసేసి మూడు వారాలు ఆగాక పెట్టిన గుడ్లే లెక్కలోకి రావాలి. చాలామంది వంశాలు తప్పేది ఇక్కడే. పుస్తకంలో తండ్రి ఒకడు, గూట్లో తండ్రి మరొకడు.

మూడేళ్లు గడిచేసరికి అన్నాచెల్లెళ్లు జతకట్టే పరిస్థితి వస్తుంది. ఒకటి రెండు తరాలు అలా జరిగితే పొదిగే గుడ్లు తగ్గుతాయి, పిల్లలు నిలవవు. దీనికి పాతకాలపు ఉపాయం ఒకటుంది. గుంపును మూడు కుటుంబాలుగా విడదీయాలి. ఒకటో ఇల్లు, రెండో ఇల్లు, మూడో ఇల్లు అనుకోండి. పెట్టలు ఎప్పుడూ పుట్టింట్లోనే ఉంటాయి. పుంజులే ఇల్లరికం వెళ్తాయి: ఒకటో ఇంటి పుంజు రెండో ఇంటికి, రెండో ఇంటిది మూడో ఇంటికి, మూడో ఇంటిది ఒకటో ఇంటికి. ప్రతి ఏడూ అదే వరస. మా అత్తగారు ఈ లెక్క విని, "మనుషుల్లో కూడా ఇలాగే ఉంటే ఎంత బాగుండేదో" అన్నారు. మామగారు వినిపించుకోనట్టు నటించారు. ఈ వరస తప్పకుండా నడిపితే బయటి నుంచి కొత్త నెత్తురు చాలా ఏళ్ల దాకా అక్కర్లేదు.

ఏ పిల్ల ఏ ఇంటిదో తెలియడానికి గుర్తు వేయాలి. పిల్ల పుట్టిన మొదటి రోజే కాలి వేళ్ల మధ్య పల్చటి చర్మానికి చిన్న రంధ్రం వేస్తారు. ఒక్కో కాలికి రెండు చోట్లు, రెండు కాళ్లకు నాలుగు. వేసినవీ వేయనివీ కలిపి పదహారు రకాల గుర్తులొస్తాయి. పెద్దయ్యాక కాలికి అంకె ఉన్న కడియం వేస్తే సరిపోతుంది. పుస్తకంలో తేదీ, తల్లి, తండ్రి, పెట్టిన గుడ్లు, పొదిగినవి, తీసేసిన పిల్లలు, ఎందుకు తీసేశామో రాయండి. "ఎందుకు" అన్న గడి ఖాళీగా ఉంచకండి. మూడో ఏడాది ఆ గడి చదివితేనే ఏ పెట్ట వంకర వేళ్లను పిల్లలకిస్తోందో తెలుస్తుంది.

తురాయి సంగతి ఒక ఉదాహరణ. తల్లీ తండ్రీ ఇద్దరికీ బఠాణీ తురాయే ఉన్నా, ఒక్కోసారి రంపపు పళ్లలా నిలబడే ఒంటి తురాయితో పిల్ల పుడుతుంది. పెట్ట ఎక్కడో తిరిగొచ్చిందని నిందించకండి. ఒంటి తురాయి గుణం రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది. అంటే తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ అది దాగి ఉందన్నమాట. అలాంటి జతకు సగటున నాలుగింట ఒకటి ఒంటి తురాయితో పుడుతుంది. ఆ జతను మళ్లీ కలపవద్దని పుస్తకంలో రాసుకోవాలి.

గుడ్లు, పొదుగు

మా వైపు మేళాలు, పశు ప్రదర్శనలు ఎక్కువగా చలికాలంలో జరుగుతాయి. అసీల్ పుంజు ఆకారం పూర్తిగా రావడానికి ఏడాది దాటుతుంది కాబట్టి జనవరి ప్రదర్శనకు పదమూడు పద్నాలుగు నెలల ముందటి నవంబరు, డిసెంబరుల్లో పిల్లలు చేయించాలి. పెట్టలైతే గుడ్లకు రాకముందే, ఏడో నెల చుట్టూ చూపించాలి. గుడ్లు పెట్టడం మొదలైతే ఒంట్లోని పసుపు గుడ్డు సొనలోకి పోతుంది. మలద్వారం, కళ్ల చుట్టూ వలయం, ముక్కు, చివరికి కాళ్లు వరసగా పాలిపోతాయి. ఏడు నెలలు వెనక్కి లెక్కపెడితే పొదుగు జూన్‌లో పడుతుంది. గుణుపూర్ ఎండలూ, ఆ వెంటనే వానలూ పిల్లలకు పనికిరావు. అందుకే నేను పుంజుల విభాగానికే ఎక్కువ వెళ్తాను. పెట్టల విభాగం కొండ మీద చల్లటి ఊళ్ల వాళ్లకు బాగా కుదురుతుంది.

గుడ్లు ఏరిన నాటి నుంచి వారం లోపు పొదుగులో పెట్టాలి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు గరుకుగా ఉన్నవి వంటింట్లోకి. వేడి గదిలో ఉంచితే లోపల పిండం అరకొరగా కదిలి చచ్చిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే మరీ చల్లబడి పాడవుతుంది. వెడల్పాటి కుండలో తడి ఇసుక పోసి, దాని మీద గోనె పరిచి, సన్నటి కొన కిందికి వచ్చేలా గుడ్లు నిలబెట్టడం నేను పాటించే పద్ధతి.

అసీల్ పెట్ట బరువుకు గుడ్లు పగులుతాయి. కాబట్టి తేలికపాటి నాటు పెట్ట చేత పొదిగిస్తే మేలు. గంపలో ఇసుక, దాని మీద ఎండుగడ్డి, గడ్డి కింద గుప్పెడు బూడిద, నాలుగు వేపాకు రెమ్మలు. పది పన్నెండు గుడ్లు చాలు. పెట్టను రాత్రి వేళే కూర్చోబెట్టాలి, పగలైతే లేచిపోతుంది. ఉరుములకు గుడ్లు చెడిపోతాయని మా ఇంట్లో ఇప్పటికీ గంపలో ఇనుప ముక్క పెడతారు. నేను తీసేయను. ఇనుప ముక్క వల్ల నష్టం లేదు, తీసేస్తే ఇంట్లో మాట పడాలి.

యంత్రంలో పొదిగిస్తే గాలి తిప్పే ఫ్యాను ఉన్నదానికి 37.5 డిగ్రీల వేడి, 55 శాతం తేమ చాలు. పద్దెనిమిదో రోజు దాకా రోజుకు మూడు నాలుగు సార్లైనా గుడ్లు తిప్పి, ఆ తర్వాత ఆపేసి, చివరి మూడు రోజులు తేమను 65 నుంచి 70 శాతానికి పెంచాలి. కరెంటు పోయే ఊళ్లలో యంత్రాన్ని నమ్ముకుని పొదుగు పెట్టను అమ్ముకోవద్దు.

ఏడో రాత్రి గుడ్డు చూడటం నాకు ఈ మొత్తం పనిలో ఇష్టమైన ఘట్టం. దీపాలు ఆర్పి, అట్టముక్కను గొట్టంలా చుట్టి టార్చి మూతికి పెట్టి, గుడ్డు లావు కొనను దాని మీద ఆనించాలి. జీవం ఉంటే లోపల ఎర్రటి సాలీడు కాళ్లు చాపినట్టు నరాలు, మధ్యలో చిన్న నల్ల చుక్క. కాసేపు కదలకుండా చూస్తే ఆ చుక్క అదురుతుంది. ఏమీ లేకుండా పసుపుగా వెలిగితే ఫలించని గుడ్డు. నెత్తుటి వలయం మాత్రమే ఉంటే మధ్యలో ఆగిపోయింది. రెండు రకాలూ తీసేయాలి. పద్నాలుగో రోజు మరోసారి చూసి, ఇరవై ఒకటో రోజుకు పిల్లల కోసం ఎదురుచూడాలి. పెంకు చిట్లించుకోవడం మొదలెట్టాక చేయి వేసి సాయం చేయకండి. అలా బయటికి లాగిన పిల్లలు చాలా వరకు బలహీనంగానే మిగులుతాయి.

పిల్లలు, టీకాలు

మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గింపు. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి: బల్బు కిందికి ముద్దగా చేరితే చలి, గోడల వైపు పారిపోయి నోళ్లు తెరిస్తే వేడి. నున్నటి నేల మీద, కాగితం మీద పెంచితే కాళ్లు జారి వంకరవుతాయి. వరిపొట్టు పరవండి.

కొక్కెర తెగులుకు ఐదు నుంచి ఏడో రోజు లోపు లాసోటా అనే టీకా చుక్క కంట్లోగానీ ముక్కులోగానీ, నాలుగో వారంలో మళ్లీ. ఆరో వారంలో మశూచికి రెక్క చర్మంలో సూది. ఎనిమిది నుంచి పదో వారం మధ్య మళ్లీ కొక్కెర తెగులుకే ఆర్2బి అనే టీకా సూది. ఆ తర్వాత ఎప్పుడెప్పుడు వేయాలో మీ పశువైద్యుడిని అడిగి రాసుకోండి. టీకా మందు చల్లగా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. సీసాలో వందకు పైగా కోళ్లకు సరిపడేంత మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. అందుకని వీధిలో అందరూ ఒకే ఉదయం వేయించుకోవాలి. మా సవర పల్లెలో ఒక పెద్దాయన మొదట్లో "సూది వేస్తే కోడి చేదవుతుంది బాబూ" అని ఒప్పుకోలేదు. "తాతా, రెండు కోళ్లకే వేద్దాం, మిగతావి మీ ఇష్టం" అన్నాను. ఆ ఏడాది తెగులు వచ్చిపోయాక గూట్లో ఆ రెండే మిగిలాయి. ఇప్పుడు అందరికంటే ముందు గంప పట్టుకుని వచ్చేది ఆయనే.

ఏరివేత

నలభై పిల్లలు చేయిస్తే నలుగురికి చూపించదగ్గవి మూడో నాలుగో మిగులుతాయి. మనసు గట్టి చేసుకోవాల్సిన పని ఇదే. పుట్టిన రోజే వంకర ముక్కు, వంకర కాలు ఉన్నవాటిని పక్కన పెట్టాలి. రెండు నెలలకు తురాయి, వేళ్లు, ఎదుగుదల చూడాలి. ఐదు నెలలకు నిలబడే తీరు, మెడ, తోక మొదలు తెలుస్తాయి. పది నెలలకు చివరి ఎంపిక. అసీల్ పిల్ల మధ్యలో కొన్ని నెలలు ఒంటె పిల్లలా ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ దశలో ఆకారం చూసి తీసేయకండి, ఎముకలను మాత్రమే చూడండి.

పక్కన పెట్టినవి కూరకో, గుడ్లకో, ఇరుగుపొరుగు పెరళ్లకో పోతాయి. లోపమున్నదాన్ని జాతి కోడి పేరుతో అమ్మకండి. ఆ ఇంట పుట్టే పిల్లలు మూడేళ్లలో మీ పేరుతోనే సంతకొస్తాయి.

రొమ్ము ఎముక వంకరకు ఒక పెద్ద కారణం లేత వయసులో సన్నటి కర్ర మీద పడుకోవడం. మేతలో సున్నం, భాస్వరం, విటమిన్ డి తక్కువైనా ఎముక మెత్తబడుతుంది. పిల్లలను మూడు నెలల దాకా నేల మీద పరుపు లాంటి పొట్టులోనే పడుకోనివ్వండి. తర్వాత వేసే వాసం అరచేయంత వెడల్పుగా, అంచులు గుండ్రంగా, తక్కువ ఎత్తులో ఉండాలి. నా మొదటి డేగ పెరిగిన ఇంట్లో పిల్లలను పడుకోబెట్టింది వెదురు బద్ద మీద. తర్వాత వెళ్లి చూసొచ్చాను.

మేత, ఈకలు

పిల్లలకు ఎనిమిది వారాల దాకా ఇరవై శాతం పైన మాంసకృత్తులున్న దాణా, తర్వాత పదహారు శాతం చాలు. మన దగ్గర దొరికే చోళ్లు (రాగులు), నూకలు, మొక్కజొన్న, తవుడు కలిపి, చెదపురుగులు, ఎండు చేప పొడి తోడు చేస్తే ఖర్చు తగ్గుతుంది. కొండ సంతల్లో దొరికే వలిసెలు గుప్పెడు వేస్తే ఈకకు నిగారింపు వస్తుంది. వానాకాలంలో వేరుశనగ చెక్క వాడకండి. బూజు పట్టిన చెక్కలోని విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది, బూజు కంటికి కనిపించక పోవచ్చు కూడా. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో సున్నం ఎక్కువ, దాన్ని పుంజులకూ పిల్లలకూ పెడితే మూత్రపిండాలు పాడవుతాయి. పెట్టలకు గుల్ల పొడిని వేరే చిప్పలో పెట్టండి, కావలసినప్పుడు అవే తింటాయి.

వానలు తగ్గే రోజుల్లో కోళ్లు ఈకలు రాలుస్తాయి. కొత్తవి పూర్తిగా రావడానికి రెండు మూడు నెలలు. జనవరి ప్రదర్శనకు ఇది బాగా కలిసొస్తుంది. ఈక ఎదిగే ఆ రోజుల్లో మేత తప్పినా, జ్వరం వచ్చినా ఈకకు అడ్డంగా సన్నటి గీత పడుతుంది. ఆ గీత మళ్లీ ఈక రాలే దాకా పోదు. తోక ఈకను వెలుగుకు పెట్టి చూసే న్యాయనిర్ణేతకు అక్టోబరులో మీరు వారం రోజులు పెళ్లికి వెళ్లిన సంగతి తెలిసిపోతుంది. సేతువ పుంజును కొత్త ఈకలొచ్చాక ఎండలో వదలకండి, తెలుపు పసుపు తిరుగుతుంది.

బోను, స్నానం

ప్రదర్శనకు నెల ముందు నుంచి కోడిని రోజూ కొంతసేపు బోనులో ఉంచాలి. దగ్గరకు వెళ్లి మాట్లాడాలి, ఎత్తాలి, రెక్క విప్పాలి, రొమ్ము తడమాలి, దించాలి. ఒక సన్నటి పుల్లతో మెడ కింద తాకి నిటారుగా నిలబడటం అలవాటు చేయాలి. కొత్త మనిషి చేయి పడగానే గింజుకునే కోడి ఎంత అందంగా ఉన్నా దాని అందం కనిపించదు.

పేలు, గజ్జి ఉంటే వైద్యం మూడు నాలుగు వారాల ముందే మొదలుపెట్టాలి. అసీల్‌కు బిగుతు ఈకలు కాబట్టి పూర్తి స్నానం చాలాసార్లు అక్కర్లేదు. తడి గుడ్డతో ఈక వాలు వెంట తుడిచి, ఆరాక పట్టుగుడ్డతో రుద్దితే మెరుపు వస్తుంది. మా ఇంట్లో ఇందుకోసం అమ్మమ్మ నాటి బరంపురం పట్టుచీర అంచు ముక్క ఒకటి ఉంది. పోటీకి వెళ్లే ముందు దాన్ని వెతకడం మా ఇంట్లో ఒక తంతు.

తెల్ల కోడికి, బురదపడ్డ కోడికి స్నానం తప్పదు. ప్రదర్శనకు రెండు మూడు రోజుల ముందు చేయించండి, ఈకకు సహజమైన జిడ్డు తిరిగి రావాలి. మూడు బకెట్లు: మొదటిదాంట్లో గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా పసిపిల్లల షాంపూ. రెండోది ఉత్త నీళ్లు. మూడోదాంట్లో ఒక చెంచా వెనిగరు. తల ముంచకండి, ముఖం వేరే గుడ్డతో తుడవండి. కుంకుడు రసం వాడకండి. ఒకసారి నేను వాడాను, ఒక్క చుక్క కంట్లో పడింది. మూడు రోజుల తర్వాత ప్రదర్శనలో ఆ కన్ను ఎర్రగా నీరు కారుతూనే ఉంది. జబ్బు కోడి అనుకుని వాకిట్లోనే ఆపేశారు. వాళ్లను తప్పుపట్టలేను, నేనైనా ఆపేవాణ్ణి.

కాళ్లను పాత పళ్ల బ్రష్షుతో, సబ్బునీళ్లతో పొలుసు వాలు వెంట రుద్దండి. పొలుసుల మధ్య మట్టిని పుల్లతో తీయండి. ఆరాక కొబ్బరినూనె పలచగా, గుడ్డతో తుడిచేసేంత పలచగా రాయండి. రంగు వేయడం, ఈక అతికించడం, ముల్లు చెక్కి సాన పట్టడం మోసం కిందికి వస్తాయి.

ప్రయాణం, ఆ రోజు

మొదట నిర్వాహకుల దగ్గర మార్కుల కాగితం అడిగి తీసుకోండి. ఒక చోట బరువుకు ఎక్కువ మార్కులు, మరో చోట తలకూ తోకకూ. చిలకముక్కు, పొడవు తోక ఉన్న రకానికి ప్రత్యేక పోటీలు కూడా ఉంటాయి. వాటికి మామూలు అసీల్‌ను తీసుకెళ్తే దారి ఖర్చులు దండగ.

సరిహద్దు దాటే ముందు బర్డ్ ఫ్లూ ఆంక్షలున్నాయేమో రెండు వైపుల పశుసంవర్ధక శాఖల్లోనూ కనుక్కోండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఆ జబ్బు బయటపడింది, అంతకు ముందు 2024 ఆగస్టులో పూరీ జిల్లా పిపిలిలో వచ్చింది. అలాంటి సమయంలో ప్రదర్శన జరిగినా వెళ్లకపోవడం మంచిది. టీకా కాగితం వెంట ఉంచుకోండి. టీకా కనీసం మూడు వారాల ముందే పడి ఉండాలి.

కోడికొక గంప. రెండు పుంజులను ఒకే గంపలో వేస్తే దిగేసరికి తురాయిలు నెత్తురోడతాయి. అడుగున గడ్డి మందంగా పరచండి. తెల్లవారుజామున బయలుదేరండి. బయలుదేరే ముందు కడుపునిండా మేత పెట్టకండి, నీళ్లు మాత్రం ఇవ్వండి. మేతసంచి ఉబ్బి ఉంటే రొమ్ము ఆకారం చెడి కనిపిస్తుంది. ఇంటి నీళ్లు ఒక సీసాలో తీసుకెళ్లండి, కొన్ని కోళ్లు కొత్త నీళ్లు ముట్టవు.

న్యాయనిర్ణేత వచ్చినప్పుడు కోడి వంశచరిత్ర వినిపించకండి. అడిగినదానికే జవాబు చెప్పండి. మార్కులు వేయడం అయ్యాక మాత్రం వెళ్లి, "అయ్యా, దీనిలో లోపం ఏమిటో చూపిస్తారా" అని అడగండి. చాలామంది సంతోషంగా చూపిస్తారు. చెప్పినదాన్ని అక్కడే పుస్తకంలో రాసుకోండి, ఇంటికొచ్చేసరికి మన కోడికి అనుకూలంగా గుర్తుంటుంది. పక్క బోనుల ముందు కనీసం గంటసేపు నిలబడి చూడండి. రెండో బహుమతి వచ్చిన కోడిని మొదటిదానితో పోల్చి చూస్తే ఏ పుస్తకంలోనూ దొరకని సంగతులు తెలుస్తాయి. అక్కడే ఎవరైనా పుంజును అమ్ముతామంటే మీ గుంపులోని మూడో ఇంటికి అది పనికొస్తుందో లేదో పుస్తకం చూసి చెప్పండి.

తిరిగొచ్చాక

బహుమతి వచ్చినా రాకపోయినా ఆ కోడి కొత్త కోడితో సమానం. వందల కోళ్ల మధ్య ఒక రోజు గడిపి వచ్చింది. పెరట్లో దూరపు గూట్లో మూడు వారాలు వేరుగా ఉండాలి. గంపలోని గడ్డి తగలబెట్టి, గంపను సబ్బునీళ్లతో కడిగి ఎండలో ఆరేయండి. వేసుకున్న బట్టలు విప్పి ఉతక్కుండా మిగతా కోళ్ల గూట్లోకి వెళ్లకండి. ఆ మూడు వారాల్లో ఉదయం సాయంత్రం రెట్ట రంగు, మేత, గురక గమనించి పుస్తకంలో రాయండి. ఇరవై రెండో రోజు ఉదయం దాన్ని దాని పెట్టల దగ్గరకు వదలండి. ఈలోగా ఆ పెట్టల దగ్గర వేరే పుంజు ఉండి ఉంటే, ఆ రోజు నుంచి మూడు వారాలు లెక్కపెట్టి, తర్వాతి గుడ్డు మీద పెన్సిలుతో తేదీ వేయండి.